24 జీబీ గ్రాఫిక్స్ కార్డు కనిపిస్తోంది, డ్రైవర్ మాత్రం లోడ్ కావట్లేదు (బార్ 1 సైజు సున్నా అంటోంది)

భద్రకాళి_బండ్ (హనుమకొండ)

నమస్తే అందరికీ. పాత తెలుగు పత్రికల స్కాన్ పేజీల నుంచి అక్షరాలు తీసే మోడల్‌ను ఇంట్లోనే నడపాలని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక సెకండ్ హ్యాండ్ టెస్లా పీ40 కార్డు తెచ్చాను. 24 జీబీ మెమరీ ఉన్న కార్డు నాకు అందే ధరలో ఇదొక్కటే దొరికింది. సిస్టమ్ పాత ఆఫీసు వర్క్‌స్టేషన్: 32 జీబీ ర్యామ్, ఉబుంటు, పక్క డిస్క్‌లో విండోస్. పీ40కి మానిటర్ పోర్టు ఉండదు కాబట్టి స్క్రీన్ కోసం 4 జీబీ కార్డు ఇంకో స్లాట్‌లో ఉంది. అది బాగానే పనిచేస్తోంది.

ఎల్‌ఎస్‌పీసీఐలో (సిస్టమ్‌లోని కార్డుల జాబితా చూపే కమాండ్) పీ40 పేరు కనిపిస్తోంది. డ్రైవర్ మాత్రం ఎక్కట్లేదు. లాగ్‌లో బార్ 1 (కార్డు తనకు కావాలని అడిగే అడ్రస్ పరిధుల్లో ఒకటి) సైజు 0 ఎం, అడ్రస్ 0 అని, దాని కిందే సిస్టమ్ బయోస్ మీ జీపీయూని సరిగా కాన్ఫిగర్ చేసి ఉండకపోవచ్చు అని వస్తోంది. అమ్మినాయన మాత్రం తన దగ్గర నడిచింది అంటున్నాడు. వాపస్ ఇవ్వడానికి ఆదివారం వరకే టైం ఉంది. పోయింది కార్డా, బోర్డా? మస్తు టెన్షన్‌గా ఉంది.

రామప్ప_ఫ్యాన్ (ములుగు)

అన్నా, బయోస్‌లో ఏపర్చర్ సైజు అని ఒక ఆప్షన్ ఉంటది. దాన్ని 256 ఎంబీకి పెంచి చూడు. మా షాపులో పాత సిస్టమ్‌లకు అట్లనే చేసేవాళ్లం.

మానేరు_తీరం (కరీంనగర్)

తమ్ముడూ, కార్డు వాపస్ ఇవ్వకు. పేరు కనిపిస్తోందంటే కాన్ఫిగరేషన్ స్పేస్ (కార్డు తన వివరాలు చెప్పే రిజిస్టర్లు) చదవగలుగుతోందన్నట్టే. చచ్చిన కార్డు అయితే సాధారణంగా అక్కడిదాకా కూడా రాదు.

డీమెసేజ్‌లో (ఓఎస్ గుండెకాయ అయిన కెర్నల్ రాసే మెసేజ్‌లు) పీసీఐ గురించి వచ్చిన లైన్లు మొత్తం పెట్టు. ముఖ్యంగా రెండు కావాలి. ఒకటి, "రూట్ బస్ రిసోర్స్" అని ఉండే లైన్లు (రూట్ బస్ అంటే ప్రాసెసర్ నుంచి కార్డుల వైపు వెళ్లే మొదటి దారి). రెండు, ఈ కార్డు నంబరుతో "స్థలం లేదు", "అసైన్ చేయలేకపోయాం" అనే అర్థం వచ్చే లైన్లు. డ్రైవర్ చివర్లో అరుస్తుంది కానీ అసలు కథ అంతకుముందే, కెర్నల్ బూట్ అయిన మొదటి సెకనులోనే అయిపోతుంది.

కాజీపేట_లైన్ (కాజీపేట)

రామప్ప గారూ, మీరు చెప్పిన ఆప్షన్ ఏజీపీ (పాత రకం గ్రాఫిక్స్ స్లాట్) కాలంది. ఈ బోర్డులో అది ఉండదు, ఉన్నా ఈ సమస్యకు పనికిరాదు. కానీ ఆ సంగతి తెలిస్తే ఇప్పటిది తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి జర వివరంగా రాస్తాను.

ఇంటెల్ ఏజీపీ స్పెసిఫికేషన్ 1996లో ఇచ్చింది. మరుసటి ఏడాది 440ఎల్ఎక్స్ చిప్‌సెట్‌తో బోర్డులు వచ్చాయి. అప్పట్లో గ్రాఫిక్స్ కార్డు మీద మెమరీ చాలా ఖరీదు. అందుకని బొమ్మల టెక్స్చర్లను మామూలు ర్యామ్‌లోనే ఉంచి, కార్డు నేరుగా అక్కడి నుంచే చదువుకునేలా ఏర్పాటు చేశారు. చిక్కు ఎక్కడంటే, కెర్నల్ ఇచ్చే ర్యామ్ 4 కేబీ పేజీలుగా ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉంటుంది. కార్డుకేమో వరుసగా ఉన్న ఒకే ముక్క కావాలి. అందుకే చిప్‌సెట్ కొంత అడ్రస్ పరిధిని పక్కన పెట్టింది. అదే ఏపర్చర్. ఆ పరిధిలోకి కార్డు ఏ అడ్రస్ అడిగినా, గార్ట్ అనే పట్టిక చూసి అసలు పేజీ ఎక్కడుందో చిప్‌సెట్ అక్కడికి పంపేది. లైనక్స్‌లో ఆ పట్టిక నింపే పని ఏజీపీగార్ట్ డ్రైవర్‌ది.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఏపర్చర్ 256 ఎంబీ అని పెడితే 256 ఎంబీ ర్యామ్ పోయినట్టు కాదు. అది అడ్రస్‌ల లెక్క. పేజీలు అవసరమైనప్పుడే తగిలిస్తారు. మెమరీ వేరు, దానికి కేటాయించిన అడ్రస్‌లు వేరు. భద్రకాళి గారి కార్డుకు మెమరీ కొరత ఏమీ లేదు, 24 జీబీ దాని మీదే ఉంది. ప్రాసెసర్ దాన్ని చూడటానికి అడ్రస్‌లే దొరకలేదు.

రామప్ప_ఫ్యాన్ (ములుగు)

అర్థమైంది సార్. మరి ర్యామ్ నిజంగానే పోయిన సందర్భం కూడా నేను చూసిన. పాత ఏఎండీ 64 బిట్ మెషీన్‌లో లైనక్స్ బూట్ అయ్యేటప్పుడు, మీ బయోస్ ఏపర్చర్‌కు చోటు వదల్లేదు, దీనివల్ల 64 ఎంబీ ర్యామ్ పోతోంది అని మెసేజ్ వచ్చేది. అదేంది?

కాజీపేట_లైన్ (కాజీపేట)

మంచి ప్రశ్న. ఆ ప్రాసెసర్లలో గార్ట్ ప్రాసెసర్‌లోనే ఉండేది. ఏజీపీ కార్డు లేకపోయినా లైనక్స్ దాన్ని ఇంకో పనికి వాడుకుంది. 32 బిట్ అడ్రస్‌లు మాత్రమే తెలిసిన పాత నెట్‌వర్క్, డిస్క్ కార్డులు 4 జీబీ పైన ఉన్న ర్యామ్‌ను అందుకోలేవు కదా. వాటికి గార్ట్ కింది అడ్రస్‌ను చూపించి పైపేజీకి మళ్లించేది. బయోస్ ఆ పరిధికి ఖాళీ అడ్రస్‌లు వదలకపోతే కెర్నల్ ర్యామ్ ఉన్న చోటే ఏపర్చర్ పెట్టాల్సి వచ్చేది. ఆ అడ్రస్‌ల వెనకున్న ర్యామ్ ఇక వాడుకోవడానికి ఉండదు. మీరు చూసిన 64 ఎంబీ అదే.

భద్రకాళి_బండ్ (హనుమకొండ)

మానేరు అక్కా, మీరు అడిగినవి చూశాను. రూట్ బస్ మెమరీ విండోలు (కార్డులకు వదిలిన అడ్రస్ పరిధులు) రెండే ఉన్నాయి: వీజీఏకి సంబంధించిన చిన్నది ఒకటి, 4 జీబీ లోపల ఒక జీబీకి కొంచెం ఎక్కువ ఉన్నది ఇంకోటి. కార్డు దగ్గర వచ్చింది ఇదీ:

బార్ 0: 16 ఎంబీ, అసైన్ అయింది.
బార్ 1: 32 జీబీ, 64 బిట్, ప్రీఫెచబుల్, స్థలం లేదు.
బార్ 3: 32 ఎంబీ, 64 బిట్, ప్రీఫెచబుల్, అసైన్ అయింది.

రెండు సందేహాలు. కార్డు 24 జీబీ అయితే 32 ఎందుకు అడుగుతోంది? బార్ 1 తర్వాత 3 ఉంది, 2 ఏమైంది?

మానేరు_తీరం (కరీంనగర్)

రోగం దొరికింది. నీ రెండు సందేహాలకూ సమాధానం ఒకే చోట ఉంది.

పీసీఐ పరికరం తనకు ఎంత అడ్రస్ పరిధి కావాలో అంకెల్లో రాసి పెట్టుకోదు. కెర్నల్ కనిపెట్టాలి. బార్ రిజిస్టర్‌లో అన్ని బిట్లూ 1 చేసి రాస్తుంది, వెంటనే మళ్లీ చదువుతుంది. పరికరం తనకు అక్కర్లేని కింది బిట్లను 0 గానే ఉంచుతుంది. ఎన్ని బిట్లు 0 గా మిగిలితే 2ను అన్నిసార్లు గుణిస్తే వచ్చేదే సైజు. నీ కార్డు విషయంలో కింది 35 బిట్లు మిగులుతాయి. 2 పవర్ 35 అంటే 32 జీబీ. ఈ పద్ధతిలో 24 అని చెప్పే వీలే లేదు. 16 చాలదు, కాబట్టి 32.

అన్నిటికంటే కింద ఉన్న 4 బిట్లు అడ్రస్‌లో భాగం కావు, అవి గుర్తులు. మొదటి బిట్ 0 అయితే మెమరీ, 1 అయితే ఐఓ పోర్టులు. తర్వాతి రెండు బిట్లు 32 బిట్టా 64 బిట్టా చెప్తాయి. నాలుగోది ప్రీఫెచబుల్, అంటే ముందుగానే చదివి పెట్టుకున్నా ఫర్వాలేదని. ఒక్కో బార్ రిజిస్టర్ 32 బిట్లే కాబట్టి 64 బిట్ అడ్రస్‌కు రెండు రిజిస్టర్లు పడతాయి. నీ బార్ 1 పై సగం బార్ 2లో కూర్చుంది. అందుకే తర్వాతది 3.

ఇంకో నియమం: 32 జీబీ బార్ మొదలయ్యే అడ్రస్ 32 జీబీ గుణిజమే కావాలి. 4 జీబీ లోపల మిగిలిన జీబీ చిల్లరలో దానికి చోటు వెతకడమంటే, ఎప్పుడో నిండిన పాత వెంచర్‌లో 32 ప్లాట్లు ఒకే ముక్కగా కావాలని అడగడమే. 4 జీబీ పైన బోలెడన్ని అడ్రస్‌లు ఖాళీగా ఉన్నాయి. అక్కడ పీసీఐకి విండో తెరిచే అధికారం మాత్రం బయోస్‌ది. నీ బయోస్ తెరవలేదు.

బయోస్‌లో "అబవ్ 4జీ డీకోడింగ్" అనే ఆప్షన్ వెతుకు. కొన్ని బోర్డుల్లో "64 బిట్ ఎంఎంఐఓ" లాంటి పేరు ఉంటుంది.

వడ్డేపల్లి_చెరువు (హనుమకొండ)

అక్కా, నేను బీటెక్ మూడో సంవత్సరం. మరి భద్రకాళి అన్న వాడే ఆ 4 జీబీ కార్డు ఎట్లా పనిచేస్తోంది? దాని బార్ కూడా 4 జీబీ ఉండాలి కదా, అది కూడా పట్టదు.

మానేరు_తీరం (కరీంనగర్)

అలాంటి మామూలు కార్డుల్లో ఆ బార్ సాధారణంగా 256 ఎంబీనే. 4 జీబీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి చూడదు. ఆ 256 ఎంబీ పరిధిని డ్రైవర్ కార్డు మెమరీలో అవసరమైన చోటికి జరుపుకుంటూ వాడుతుంది. 32 బిట్ ఓఎస్‌ల రోజుల్లో అంతకన్నా పెద్దది పెట్టలేక వచ్చిన పద్ధతి ఇది. కార్డు బార్‌ను పెద్దది చేసుకునే వీలు, అంటే రీసైజబుల్ బార్, పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లోకి 2008లోనే వచ్చింది. జనానికి తెలిసింది మాత్రం 2020లో ఏఎండీ స్మార్ట్ యాక్సెస్ మెమరీ అని పేరు పెట్టాక. లైనక్స్‌లో ఏఎండీజీపీయూ డ్రైవర్ అంతకుముందు నుంచే తనంతట తాను పెంచుకునే ప్రయత్నం చేసేది.

టెస్లా కార్డులు సర్వర్ కోసం చేసినవి. మొత్తం మెమరీ బయటి నుంచి కనపడాలి, పక్క కార్డు కూడా నేరుగా అందుకోవాలి. అందుకే మొదటి నుంచే పెద్ద బార్.

ఇందూరు_బీఎస్‌డీ (నిజామాబాద్)

మధ్యలో ఒక మాట. ఓపెన్‌బీఎస్‌డీలో ఇదే విషయం భద్రత వైపు నుంచి కనిపిస్తుంది. ఒకప్పుడు ఎక్స్ సర్వర్ (తెర మీద బొమ్మలు గీసే ప్రోగ్రామ్) మామూలు ప్రోగ్రామ్‌గా నడుస్తూనే కార్డు మెమరీని నేరుగా మ్యాప్ చేసుకునేది. దానికి భౌతిక మెమరీ తలుపు మొత్తం తీస్తే ఇక కెర్నల్‌కు రక్షణ ఏముంటుంది? అందుకే అలోఏపర్చర్ అనే సిస్‌సీటీఎల్ (కెర్నల్) సెట్టింగ్ పెట్టారు. 0 అయితే పూర్తిగా మూసేసినట్టు. 1 అయితే వీడియోకు కావలసిన పరిధి వరకే. 2 అయితే మొదటి 1 ఎంబీ మొత్తం, వీడియో బయోస్‌ను నడిపించాల్సిన కార్డుల కోసం. సిస్టమ్ పూర్తిగా లేచాక ఆ విలువను పెంచడం కుదరదు, తగ్గించడమే. ఇప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్లు కెర్నల్‌లోకి వచ్చేశాయి కాబట్టి చాలా మెషీన్లలో 0 ఉంచినా డెస్క్‌టాప్ వస్తుంది. పాత బ్లాగుల్లో చూసి 2 పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి అవసరం లేకుండా పెట్టకండి.

భద్రకాళి_బండ్ (హనుమకొండ)

అక్కా, ఆప్షన్ దొరికింది! కానీ మసకగా ఉంది, మార్చనివ్వట్లేదు. సీఎస్ఎం ఆపితేనే మారుతుందని పక్కన రాసి ఉంది. ఆపేయనా?

కాజీపేట_లైన్ (కాజీపేట)

ఆగండి, వెంటనే ఆపొద్దు. సీఎస్ఎం అంటే పాత బయోస్ పద్ధతికి వీలిచ్చే భాగం, అది ఆపితే పాత పద్ధతిలో బూట్ అయ్యే డిస్క్‌లేవీ లేవవు. ముందు ఉబుంటులో సిస్ కింద ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఈఎఫ్ఐ అనే డైరెక్టరీ ఉందో చూడండి. ఉంటే మీ ఉబుంటు యూఈఎఫ్ఐలోనే (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) బూట్ అయినట్టు, దానికి భయం లేదు. లేకపోతే డేటా బ్యాకప్ తీసుకుని యూఈఎఫ్ఐ పద్ధతిలో మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే శుభ్రం. విండోస్ డిస్క్ ఎంబీఆర్‌లో (డిస్క్‌ను విభజించే పాత పద్ధతి) ఉంటే మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది, విండోస్ 10 నుంచి వస్తుంది. అది కూడా బ్యాకప్ తర్వాతే.

ఇంకోటి. స్క్రీన్‌కు పెట్టిన కార్డు వీడియో బయోస్ యూఈఎఫ్ఐకి ముందు కాలందైతే, సీఎస్ఎం ఆపాక ఆన్ చేసినప్పుడు స్క్రీన్ మీద ఏమీ రాకపోవచ్చు. అప్పుడు బోర్డు పోయిందని కంగారు పడకండి. బయోస్ సెట్టింగ్‌లను మొదటికి తెచ్చే సీమాస్ జంపర్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

సింగరేణి_షిఫ్ట్ (గోదావరిఖని)

నాకూ ఇదే సమస్య, కాకపోతే నా బయోస్‌లో అబవ్ 4జీ ఆప్షనే లేదు. నెట్‌లో కెర్నల్ కమాండ్ లైన్‌లో పీసీఐ=రీఅలాక్ పెట్టమన్నారు, పెట్టినా అంతే. పీసీఐ=నోసీఆర్ఎస్ అని ఇంకోటి చెప్తున్నారు. పెట్టొచ్చా?

మానేరు_తీరం (కరీంనగర్)

రీఅలాక్ చేసేది ఏంటంటే, బ్రిడ్జిలకు (ఒక బస్‌ను ఇంకో బస్‌తో కలిపే భాగాలు) బయోస్ ఇచ్చిన విండోలు చాలకపోతే వాటిని విప్పి మళ్లీ పంచుతుంది. కానీ పంచేది రూట్ బస్‌కు ఉన్న పరిధిలోంచే. రూట్ బస్‌కే 4 జీబీ పైన విండో లేనప్పుడు అది ఎక్కడి నుంచి తెస్తుంది?

ఆ రూట్ విండోల జాబితాను బయోస్ ఏసీపీఐ పట్టికల్లో (హార్డ్‌వేర్ వివరాలు ఓఎస్‌కు చెప్పేవి) సీఆర్ఎస్ అనే చోట ఇస్తుంది. నోసీఆర్ఎస్ అంటే ఆ జాబితాను పట్టించుకోవద్దని కెర్నల్‌కు చెప్పడం. అప్పుడు కెర్నల్ పైన ఖాళీ అడ్రస్ ఎంచుకుని బార్‌లో రాసేస్తుంది. కొన్ని బోర్డుల్లో పనిచేస్తుంది. ఇంకొన్నింటిలో హార్డ్‌వేర్ ఆ అడ్రస్‌లను పీసీఐ వైపు పంపదు, లేదా అక్కడ ఇంకేదో ఉంటుంది, సిస్టమ్ బిగుసుకుపోతుంది. బూట్ మెనూలో ఆ ఒక్కసారికి మాత్రమే టైప్ చేసి పరీక్షించండి, గ్రబ్ ఫైల్‌లో పర్మనెంట్‌గా పెట్టకండి. అంతకన్నా ముందు బోర్డు తయారీదారు సైట్‌లో కొత్త బయోస్ ఉందేమో చూడండి. కొన్ని బోర్డులకు ఈ ఆప్షన్ అప్‌డేట్‌లోనే వచ్చింది.

కార్డుకూ రూట్‌కూ మధ్య ఉన్న బ్రిడ్జిని కూడా చూసుకోండి. బ్రిడ్జిలో ప్రీఫెచబుల్ విండో మాత్రమే 64 బిట్ వరకు వెళ్లగలదు. మామూలు మెమరీ విండో 32 బిట్టే. 4 జీబీ పైన ఎంత చోటున్నా ప్రీఫెచబుల్ కాని బార్‌లు కిందే సర్దుకోవాలి. కార్డులు ఎక్కువైతే ఇరుకు అక్కడ మొదలవుతుంది.

వడ్డేపల్లి_చెరువు (హనుమకొండ)

సంబంధించిన ప్రశ్నే అనుకుంటున్నా. ప్రాజెక్టు కోసం ఒక చిన్న ఫ్రేమ్‌బఫర్ (స్క్రీన్ మీద కనిపించే బొమ్మ ఉండే మెమరీ) డ్రైవర్ రాస్తున్నాను. బార్‌ను ఐఓరీమ్యాప్‌ అనే కెర్నల్ ఫంక్షన్‌తో మ్యాప్ చేసి 1920×1080 స్క్రీన్ నింపితే గీత గీతగా కిందికి దిగడం కంటికి కనిపిస్తోంది. గైడ్ సార్ కార్డు స్లో అంటున్నారు.

కాజీపేట_లైన్ (కాజీపేట)

బాబూ, కార్డును అనకముందు మ్యాపింగ్ మార్చి చూడు. ఐఓరీమ్యాప్ ఇచ్చేది అన్‌క్యాష్డ్ మ్యాపింగ్. నువ్వు రాసే ప్రతి పిక్సెల్, 4 బైట్లు, విడిగా ఒక ప్యాకెట్‌గా బస్ మీద వెళ్తుంది. నీ స్క్రీన్‌కు 20,73,600 పిక్సెళ్లు, అన్నే ప్యాకెట్లు. ఆ 4 బైట్ల కంటే ప్యాకెట్ హెడరే పెద్దది. ఐఓరీమ్యాప్_డబ్ల్యూసీ వాడు. అది రైట్ కంబైనింగ్. ప్రాసెసర్ వరుస రాతలను 64 బైట్ల బఫర్‌లో పోగుచేసి ఒకేసారి పంపుతుంది. ప్యాకెట్లు 1,29,600కి దిగుతాయి.

అయితే రెండు జాగ్రత్తలు. ఈ పద్ధతిలో రాతలు నువ్వు రాసిన వరుసలోనే చేరతాయన్న గ్యారంటీ లేదు. కాబట్టి కార్డు కంట్రోల్ రిజిస్టర్లున్న బార్‌కు ఇది ఎప్పుడూ వాడకు, ఫ్రేమ్‌బఫర్‌కు మాత్రమే. పిక్సెళ్లు రాశాక రిజిస్టర్‌కు "చూపించు" అని చెప్పే ముందు రైట్ బ్యారియర్ (ముందు రాతలు పూర్తయ్యాకే తర్వాతివి వెళ్లేలా చేసేది) పెట్టు. రెండోది, డబ్ల్యూసీ మెమరీ నుంచి చదవడం చాలా నెమ్మది. స్క్రోల్ చేయాలంటే ఫ్రేమ్‌బఫర్ నుంచి చదివి కిందికి రాయకు. మామూలు ర్యామ్‌లో ఒక కాపీ ఉంచుకుని అక్కడ మార్చి ఇక్కడికి రాయి.

పాత పుస్తకాల్లో ఇదే పనికి ఎంటీఆర్ఆర్ సెట్ చేయమని ఉంటుంది. పెంటియం ప్రో కాలం నుంచి ఉన్న రిజిస్టర్లు అవి. మామూలుగా ఎనిమిదే ఉండేవి, వాటిలో చాలావరకు బయోస్ ర్యామ్ కోసమే వాడేసేది. సైజు కూడా 2 పవర్‌లోనే ఉండాలి. తర్వాత పెంటియం 3తో వచ్చిన ప్యాట్ పేజీ పేజీకి ఈ గుణం ఇచ్చే వీలు కల్పించింది. ఇప్పుడు కొత్త డ్రైవర్‌లో ఎంటీఆర్ఆర్ ముట్టుకోవాల్సిన పని లేదు.

వడ్డేపల్లి_చెరువు (హనుమకొండ)

సార్, ఒక్క ఫంక్షన్ పేరు మార్చాను అంతే. స్క్రీన్ రెప్పపాటులో నిండుతోంది. స్క్రోల్‌కు మీరు చెప్పినట్టు ర్యామ్‌లో కాపీ పెడుతున్నా. చాలా థ్యాంక్స్ సార్.

భద్రకాళి_బండ్ (హనుమకొండ)

అందరికీ నమస్కారం. ఉబుంటులో ఈఎఫ్ఐ డైరెక్టరీ ఉంది కాబట్టి ధైర్యంగా ముందుకెళ్లాను. విండోస్ డిస్క్‌ను బ్యాకప్ తీసి మార్చాను. సీఎస్ఎం ఆపి, అబవ్ 4జీ ఆన్ చేశాను. ఇప్పుడు డీమెసేజ్‌లో రూట్ బస్‌కు 4 జీబీ పైన ఒక పెద్ద విండో కొత్తగా వచ్చింది. ప్రాక్‌లోని ఐఓమెమ్ ఫైల్‌ను రూట్‌గా చూస్తే బార్ 1 ఆ విండోలో 32 జీబీ పరిధితో కూర్చుని ఉంది. డ్రైవర్ ఎక్కింది. ఎన్‌వీడియా ఎస్ఎంఐలో బార్ 1 మొత్తం 32,768 ఎంఐబీ చూపిస్తోంది. మొదటి స్కాన్ పేజీ నుంచి వత్తులతో సహా అక్షరాలు సరిగా వచ్చాయి. అమ్మినాయనకు ఫోన్ చేసి కార్డు బాగుందని చెప్పాను.

సింగరేణి_షిఫ్ట్ (గోదావరిఖని)

నాక్కూడా అయింది. తయారీదారు సైట్‌లో కొత్త బయోస్ ఉంది, అది వేశాక ఆప్షన్ వచ్చింది. నోసీఆర్ఎస్ అవసరమే పడలేదు.

రామప్ప_ఫ్యాన్ (ములుగు)

భద్రకాళి అన్నా, పీ40కి సొంత ఫ్యాన్ ఉండదు, 250 వాట్లు తింటది. సర్వర్‌లో ముందు నుంచి ఫ్యాన్లు గాలి కొడితే చల్లబడేలా చేసిన కార్డు. మన దగ్గర మే నెలలో మామూలు క్యాబినెట్‌లో పెట్టి గంటసేపు నడిపితే వేడికి స్పీడ్ పడిపోతది, తర్వాత ఆగిపోతది. వెనక బ్లోవర్ బిగించి, గాలి పక్కకు పోకుండా డక్ట్ పెట్టు. పవర్ కేబుల్ కూడా చూసుకో. దానికి కావలసింది ప్రాసెసర్‌కు పెట్టే 8 పిన్ ఈపీఎస్ రకం, మామూలు గ్రాఫిక్స్ కార్డు 8 పిన్ కాదు. రెండిట్లో 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారుగా ఉంటయి. కన్వర్టర్ కొంటే సరైనదే కొను, బలవంతంగా దూర్చొద్దు.

భద్రకాళి_బండ్ (హనుమకొండ)

అమ్మినాయన కన్వర్టర్ కూడా ఇచ్చాడు, మల్టీమీటర్‌తో చూసే పెట్టాను అన్నా. బ్లోవర్ ఆర్డర్ చేస్తున్నా, అప్పటిదాకా క్యాబినెట్ తెరిచి పెద్ద టేబుల్ ఫ్యాన్ పెట్టాను. చివరి ప్రశ్న: ఇలాంటిదే ఇంకో కార్డు వేస్తే అడ్రస్‌లు సరిపోతాయా?

మానేరు_తీరం (కరీంనగర్)

ప్రాక్‌లోని సీపీయూఇన్ఫో ఫైల్‌లో "అడ్రస్ సైజెస్" అనే లైన్ చూడు తమ్ముడూ. భౌతిక అడ్రస్ ఎన్ని బిట్లో అక్కడ ఉంటుంది. 39 బిట్లు ఉన్నా మొత్తం 512 జీబీ అడ్రస్‌లు. నీ ర్యామ్ 32 పోగా రెండు కార్డులకు 64 జీబీ సులభంగా పడుతుంది. బయోస్ తెరిచిన విండో అంత పెద్దదో కాదో రూట్ బస్ లైన్‌లో చివరి అడ్రస్‌లోంచి మొదటి అడ్రస్ తీసేసి చూసుకో. 32 జీబీ గుణిజం నుంచే మొదలవ్వాలి కాబట్టి, 64 కన్నా ఎక్కువే ఉండాలి. స్క్రీన్ కార్డుతో కలిపి మొత్తం మూడు కార్డులవుతాయి, నీ పవర్ సప్లై ఎన్ని వాట్లదో కూడా చెప్పు.